గుమ్మం బయట తప్పెటగుళ్లు

రాజుగారింట పెళ్లి. తప్పెటగుళ్లాడే ఎర్రప్పడి జట్టుని దివానుగారు కోటగుమ్మం బయట ఎండలో నిలబెట్టారు. రొమ్మున తప్పెట వాయిస్తూ, గజ్జెకాళ్లతో వాళ్లు పొద్దుటినుంచీ ఆడుతూనే ఉన్నారు. వచ్చిన పెద్దమనుషులు పక్కనుంచి లోపలికి పోతున్నారే గాని తల తిప్పి చూసినవాడు లేడు.

ఎర్రప్పడికి కాళ్లు పీకేస్తున్నాయి.

"బాబూ, లోపల సభలో ఒక్క ఆట ఆడనివ్వండి. కూర్చుని చూసేవాళ్లుంటే ఈ అలుపు తెలీదు" అని దివానుని అడిగాడు.

"ఈ మోటు గంతులు ఈ రోజుల్లో ఎవరు చూస్తారయ్యా? ఉన్నా లేకపోయినా ఒకటే. ఇక్కడే కానివ్వండి" అనేసి దివాను లోపలికెళ్లిపోయాడు.

ఎర్రప్పడు తప్పెట విప్పి గోడ నీడన చతికిలబడ్డాడు. జట్టంతా అతని పక్కనే కూలబడింది.

కాసేపటికే దివాను పరిగెత్తుకొచ్చాడు.

"ఎందుకాపావయ్యా? పెళ్లిల్లు బావురుమంటోంది. ఏమైందని రాజుగారే అడుగుతున్నారు."

"ఉన్నా లేకపోయినా ఒకటేనన్నారు కదా బాబూ. మరి ఆగినట్టు తమకెలా తెలిసింది?"

దివాను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

"సరే, లోపలికి రండి. సభలోనే ఆడుదురుగాని."

"వస్తాం బాబూ, కాస్త కూర్చోనివ్వండి" అన్నాడు ఎర్రప్పడు, మోకాళ్లు నొక్కుకుంటూ. "ఆట ఆగిందని లోపలున్న అందరికీ తెలిసింది గాని, నా కాళ్లకే ఇంకా తెలీలేదు."