కాసులమ్మ ఓడకి మేకల లైసెన్సు

విరోధికృతు నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ సప్తమి, సోమవారం, పొద్దున్న సరిగ్గా ఎనిమిది గంటలకి, మా అమ్మమ్మ అత్తగారు కాసులమ్మ నీలాపురం రేవులో తన ఓడ ముందు కొబ్బరికాయ కొట్టింది. సింహాద్రి అప్పన్నకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "సామీ, మా ఇంటికి తెలివి బాగానే ఇచ్చావు. ఇంక లైసెన్సు ఒక్కటి ఇప్పించు సాలు" అంది.

తెలివి సంగతి ఆవిడ ఊరికే అన్న మాట కాదు. ఇంటిల్లిపాదీ అలాగే నమ్మేవారు. మా వాళ్ళ లెక్కలో తెలివంటే ఒకటే. ఎదుటివాళ్ళు ఏ మాట అంటే ఆ మాట, వెంట్రుకవాసి తేడా రాకుండా చేసెయ్యడం. కాసులమ్మ భర్త బతికున్న రోజుల్లో ఒకసారి సంతకి వెళ్తూ, "నేనొచ్చేదాకా ఓడ తాడు వదలకండిరా" అని కొడుకులకి చెప్పాడట. తాడు గుంజకి కట్టే ఉంది. అయినా కొడుకులు ముగ్గురూ ఆయన వచ్చేదాకా దాన్ని పట్టుకునే కూర్చున్నారు. కళ్ళెదురుగా దొంగ వచ్చి ఇంట్లో బిందెలు ఎత్తుకుపోతుంటే చూస్తూ ఉన్నారు గానీ తాడు వదల్లేదు. "సూసారా నా కొడుకుల్ని!" అని కాసులమ్మ వీధివీధీ తిరిగి చెప్పుకుంది.

ఆ ముగ్గురిలో పెద్దవాడు ఎల్లాజీ, ఓడ నడిపే సరంగు. రెండోవాడు మసేను, మూడోవాడు పోలయ్య. ఎల్లాజీ పెళ్ళాం పైడమ్మే మా అమ్మమ్మ. అప్పటికి కాపరానికొచ్చి నెల కూడా తిరగలేదు. "మా అత్తోరి తెలివి నాకంటుకోడానికి ఆ ఒక్కరోజే పట్టింది" అని నవ్వుతూ చెప్పేది మా అమ్మమ్మ.

ఆ ఏడు వానలు ముదిరి ఓడ నెలల తరబడి కదల్లేదు. చివరికి సూరిశెట్టి గారనే వర్తకుడు కరుణించి, ఒక మంద మేకల్నీ ఒక గుట్ట బొగ్గునీ అవతలి రేవుకి చేరవెయ్యమన్నాడు. ఓడ లోపల కిందనుండే అడుగు అరలో వేస్తే మేకలు ఊపిరాడక చస్తాయి, బొగ్గు లోపల్లోపల రాజుకుంటుంది. అందుకని రెండూ పైనే, అంటే ఓడ మీద పరిచిన చెక్క నేల మీదే వెయ్యాలి. దాన్నే డెక్కు అంటారు. డెక్కు మీద పశువుల్నీ బొగ్గునీ వెయ్యాలంటే రేవు ఆఫీసు వారి లైసెన్సు కావాలి. లైసెన్సు రాకపోతే బేరం పోతుంది. బేరం పోతే ఓడని అమ్ముకోవడమే. ఆ ఓడ కాసులమ్మ భర్త తన చేతుల్తో కట్టింది. సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ దాని దగ్గరికెళ్ళి, లోపల ఆయనే ఉన్నట్టు, ఇంట్లో ఏం వండిందీ చెప్పి వచ్చేది. అలాంటి ఓడ.

రేవు ఆఫీసరు వేదగిరి గారు నిదానస్తుడు, మంచివాడు. ఒడ్డునే నిలబడి విడమరిచి చెప్పాడు.

"శ్రద్ధగా వినండి. సరుకు ఏదీ ఓడ అంచు గోడ కంటే ఎత్తుగా ఉండకూడదు. ఓడ ఊగితే పశువులు జారకూడదు. పశువులకీ బొగ్గుకీ నడుమ అడ్డు ఉండాలి. బొగ్గుకి గాలి తగలాలి. మనుషులు నడవడానికి దారి ఉండాలి. అడుగు అరలో పశువు ఉండకూడదు. మధ్యాహ్నం వచ్చి చూస్తాను. అన్నీ ఉంటే లైసెన్సు, లేకపోతే లేదు."

"మాకు రెండోసారి సెప్పక్కర్లేదు బాబూ" అన్నాడు ఎల్లాజీ. "సెప్పింది సెప్పినట్టు సేసేత్తాం."

ఇలాంటి వాళ్ళు దొరకడం ఎంత అదృష్టం అనుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు. పాపం.

మేకల్ని ఒక పక్క ఎక్కించారు. బొగ్గు ఇంకో పక్క పోశారు. నడుమ రెండు బల్లచెక్కలు అడ్డం పెట్టారు. ఆ అడ్డు వెంబడి దారి వదిలారు. అంతవరకూ బాగానే ఉంది. ఎల్లాజీ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఒరే మసేనూ, దారి దేనికన్నారు?"

"మనుసులు నడవడానికి."

"మరెవడూ నడవట్లేదేటిరా?"

అంతే. మసేను నడవడం మొదలెట్టాడు. ముందు కొస నుంచి వెనక కొసకి, వెనక కొస నుంచి ముందు కొసకి.

"ఎంతసేపు నడాలి అన్నియ్యా?"

"దారున్నంతసేపూ."

ఇంక బొగ్గుకి గాలి. కాసులమ్మ ఇంటికెళ్ళి తాటాకు విసనకర్ర తెచ్చుకుని బొగ్గు గుట్ట పక్కన మఠం వేసుకు కూర్చుంది. విందుకొచ్చిన వియ్యపురాలికి విసిరినట్టు నెమ్మదిగా విసురుతోంది.

"సముద్రం గాలి ఈత్తానే ఉంది కదత్తా" అంది పైడమ్మ.

"అది సముద్రానికని ఈచే గాలే అమ్మా. బొగ్గుకని రాట్లేదు కదా!"

పైడమ్మకి ఆ మాటకి ఎదురు చెప్పాలని తోచలేదు. తనూ ఒక చేట పట్టుకుంది. గుట్టకి అవతలి పక్క గాలి అందడం లేదని ఎల్లాజీ, పోలయ్య కలిసి చినిగిన తెరచాప ముక్క ఒకటి చెరో కొసా పట్టుకుని ఊపారు. ఇంకేముంది! బొగ్గుపొడి మబ్బులా లేచింది. మేకలు వరసగా తుమ్మాయి. మబ్బు దిగేసరికి తెల్లమేక, ఎర్రమేక, మచ్చలమేక అన్న తేడా లేకుండా అన్నీ నల్లమేకలే.

కాసులమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! అడ్డానికవతలుండాల్సిన బొగ్గు మేకల మీదే కూకుంది. ఇంక లైసెన్సు ఎక్కడిది! ఓడ పోయినట్టే!"

"ఏడవకమ్మా" అన్నాడు ఎల్లాజీ. "బొగ్గుకీ మేకకీ నడుమ అడ్డు ఉండాలన్నారు. అంతే కదా? ఏ మేక అడ్డు ఆ మేకకి పెట్టేద్దాం."

ఇంట్లో ఉన్న చీరలు, పంచెలు, దుప్పట్లు అన్నీ వచ్చాయి. మేకని తుడవడం, గుడ్డ చుట్టడం, ముడెయ్యడం.

"అత్తా, ఆ పసుపుచీర వద్దత్తా. అది నా పెళ్ళిచీర."

"ఈ మేక మాత్రం ఏం తక్కువే? ఎంత నెమ్మదస్తురాలో సూడు. నీకంటే నయం, మాటకి మాట సెప్పదు."

మళ్ళీ విసిరారు. బొగ్గుపొడి ఈసారి చీరల మీద పడింది. ఎల్లాజీ మురిసిపోయాడు. "సూడండి! బొగ్గు బట్ట మీదుంది, మేక బట్ట లోపలుంది. నడుమ అడ్డుంది!"

ఇలా అందరూ ఆనందంగా ఉండగా పోలయ్య అంచు గోడ కేసి చూసి కెవ్వుమన్నాడు. మేకల తలలు గోడ పైకి వచ్చి తాపీగా సముద్రాన్ని చూస్తున్నాయి.

"సరుకు గోడ కంటే ఎత్తుంది అన్నియ్యా!"

ఎల్లాజీ పెద్ద మేకపోతు ముందు నిలబడి మర్యాదగానే చెప్పాడు. "తల దించు నాయనా." అది దించలేదు. గట్టిగా చెప్పాడు. అది ఆయన తలపాగా కొస నమలడం మొదలెట్టింది.

"గోడ ఎత్తు పెంచుదామేటి?" అన్నాడు నడుస్తున్న మసేను, ఆ కొసకి పోతూ.

"గోడ పెంచమని ఆయన అన్లేదు. సరుకు ఎత్తుండకూడదన్నాడు. సరుకే తగ్గాలి."

"మేక తగ్గాలంటే కాళ్ళు తగ్గాలి" అన్నాడు పోలయ్య.

"సివసివా! కాళ్ళు కోత్తే పాపం రా!" అంది కాసులమ్మ.

"కొయ్యొద్దమ్మా. కాళ్ళకి వేరే సోటిద్దాం" అన్నాడు ఎల్లాజీ.

అంతే. ఉలీ సుత్తీ వచ్చాయి. డెక్కుకి కన్నాలు పడ్డాయి. ఒక్కో మేకని ఎత్తి, కాళ్ళు కన్నాల్లోకి దించి, పొట్ట చెక్క మీద ఆనించారు. చీరలు కట్టుకున్న మేకలన్నీ పీటల మీద పేరంటాళ్ళలా కుదురుగా ఉన్నాయి. తలలు గోడ కిందికి వచ్చేశాయి. ఓడని ఊపి చూశారు. ఒక్క మేకా జారలేదు.

"ఒక్క పనికి రెండు రూళ్ళు తీరిపోయాయి!" అని ఎల్లాజీ మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు పైడమ్మ నెమ్మదిగా అంది. "అత్తా, అడుగు అరలో పసువు ఉండకూడదన్నారు కదా. ఈటి కాళ్ళన్నీ అడుగు అరలోనే ఉన్నాయి. కాళ్ళు పసువు కాదేటి?"

అందరూ నోరు తెరుచుకుని ఆవిణ్ణే చూశారు. కాసులమ్మ కళ్ళు చెమర్చాయి. కోడలి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. "నా తల్లే! ఇప్పుడు మా ఇంటి మనిసివైపోయావు!"

ఇంకేముంది, పోలయ్య అడుగు అరలోకి దిగాడు. కింద వేలాడుతున్న కాళ్ళని పైకి తొయ్యడం మొదలెట్టాడు. తోసినప్పుడల్లా మేక పైకి లేచి గోడ దాటుతోంది. పైనున్న ఎల్లాజీ దాన్ని కిందికి నొక్కుతున్నాడు. కాళ్ళు మళ్ళీ అడుగు అరలోకి పోతున్నాయి. "తొయ్యి!" "నొక్కు!" "తొయ్యి!" "నొక్కు!" మేకలు 'మే' అనడానికి కూడా తీరిక లేక 'మ్' అంటున్నాయి.

సరిగ్గా అప్పుడే వేదగిరి గారు ఓడెక్కాడు. మసకగా ఉన్న బొగ్గుపొడిలోకి చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇంతమంది ముసలమ్మల్ని ఎక్కించారేమిటయ్యా! మనుషుల్ని వెయ్యడానికి మీకెవరు చెప్పారు?"

పసుపుచీర ముసలమ్మ "మే" అంది.

ఆయన దగ్గరికెళ్ళి చూద్దామని దారి మధ్యలో ఆగాడు. వెనక నుంచి మసేను వచ్చి తగిలాడు.

"నడండి బాబూ. ఇది నడిచే దారి."

"ఆగవయ్యా, చూడనీ!"

"సూత్తానే నడండి. ఆగితే రూలు పోద్ది."

పాపం ఆయన ముందు, మసేను వెనక. అలా ఓడంతా నడుస్తూనే తనిఖీ చేశాడు. నడుస్తూనే కన్నాలు చూశాడు. నడుస్తూనే ఆ కన్నాల్లోంచి పైకొచ్చిన పోలయ్య చేతులు చూశాడు. నడుస్తూనే బొగ్గుకి విసురుతున్న కాసులమ్మని చూశాడు. చివరికి నడుచుకుంటూ ఓడ దిగిపోయి, ఒడ్డున ఇసకలో కూలబడ్డాడు.

"లైసెన్సు లేదు" అన్నాడు.

కాసులమ్మ విసనకర్ర పట్టుకునే వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. "బాబూ, ఇది నా పెనిమిటి కట్టిన ఓడ. ఆయన పోయినా దీన్ని సూసుకునే బతుకుతున్నాను. మీరు సెప్పిందాన్లో ఏది సెయ్యలేదో సెప్పండి, ఇప్పుడే సేసేత్తాం" అంది. అంటూనే చెమటలు కక్కుతున్న ఆయనకి విసరసాగింది.

ఆయన ఇసక దులుపుకుని లేచాడు. తర్వాత కోటు విప్పి పక్కన పెట్టి, ఓడెక్కాడు. మేకల చీరలు విప్పించాడు. కన్నాలకి చెక్కలు కొట్టించాడు. మేకల చుట్టూ తడికెల దడి కట్టించి, కాళ్ళ కింద ఇసక పోయించాడు. "ఎత్తు సంగతి బొగ్గు గుట్టకయ్యా. మేకకి తల ఉంటుంది, అది ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది" అని చెప్పాడు. మసేనుని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. పొద్దు వాలేసరికి ఓడ ఓడలా ఉంది. ఆయన లైసెన్సు మీద సంతకం పెట్టి ఎల్లాజీ చేతికిచ్చాడు.

"జాగ్రత్త! ఈ లైసెన్సు డెక్కుకి మాత్రమే. ఓడలో ఇంకే భాగానికీ చెల్లదు. పొద్దున్నే బయల్దేరండి" అని చెప్పి, ఒళ్ళంతా బొగ్గుతో ఇంటికి వెళ్ళిపోయాడు.

మా వాళ్ళు లైసెన్సుకి బొట్టు పెట్టి, దేవుడి పీట మీద ఉంచి, హారతిచ్చారు. హారతి కళ్ళకద్దుకుంటూ ఎల్లాజీ ఆగిపోయాడు.

"అమ్మా, డెక్కుకి మాత్రమే అన్నారు."

"అన్నారు."

"మరి కింద ఓడ?"

కాసులమ్మ ఆలోచించింది. "ఓడకి సెల్లదన్నారు. లైసెన్సు లేని ఓడ సరుకుతో కదిలితే మీ నాన్న కట్టిన ఓడని జప్తు సేసెయ్యరూ? వద్దు నాయనా. ఓడ ఇక్కడే ఉంటది. డెక్కు ఒక్కటీ ఎల్లొచ్చేత్తది."

మర్నాడు తెల్లవారుతూనే అన్నదమ్ములు ముగ్గురూ మేకులన్నీ ఊడదీసి, చెక్కలు విడిపోకుండా మోకులతో బిగించి, గునపాలతో ఎత్తి, మేకలతో బొగ్గుతో సహా డెక్కుని నీళ్ళలోకి జార్చారు. ముగ్గురూ దాని మీదికెక్కి, "జై అప్పన్నా!" అన్నారు. నేల ఊడిన ఓడ ఒడ్డున బురదలో ఒక పక్కకి ఒరిగి భద్రంగా ఉంది.

డెక్కు నాలుగు బారలు వెళ్ళింది. నీళ్ళు పాదాలకొచ్చాయి, మోకాళ్ళకొచ్చాయి. బొగ్గు బుడుంగున దిగిపోయింది. మేకలు దడి దూకి ఈదుకుంటూ వచ్చి, ఒరిగిన అంచు మీంచి ఒక్కొక్కటే ఓడలోకి ఎక్కి, ఒళ్ళు దులుపుకున్నాయి.

కాసులమ్మ ఓడ ఎక్కకుండా ఒడ్డునుంచే చీపురు తిరగేసింది. "ఓలమ్మో! దిగండే! దీనికి లైసెన్సు లేదు! దిగండే!" అని ఒక్కో మేకనీ మళ్ళీ నీళ్ళలోకి తోలసాగింది. తోలింది తోలినట్టే అవి అవతలి పక్క నుంచి ఎక్కుతున్నాయి.

కొడుకులు ముగ్గురూ పీకల్లోతు నీళ్ళలో ఓడ దాకా వచ్చారు.

"అమ్మా, మేం ఎక్కొచ్చా?"

"ఎలా ఎక్కుతార్రా? మీకు మాత్రం వేరే రూలుందా?"

"పోనీ పట్టుకోవచ్చా?"

"పట్టుకోండి. బయట్నుంచే."

అంతే. ముగ్గురూ ఓడని బయటి నుంచి పట్టుకుని నిలబడ్డారు. సూరిశెట్టి గారు ఒడ్డున తల బాదుకుంటున్నాడు. వేదగిరి గారు, పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొస్తూ, "ఎక్కండయ్యా! ఓడలోకెక్కండి!" అని అరుస్తున్నాడు.

"మమ్మల్ని పరీచ్చ సేత్తున్నారు బాబుగారు" అని ఎల్లాజీ తమ్ముళ్ళకి చెప్పాడు. "ఎవరూ ఎక్కకండి."

మా అమ్మమ్మ పైడమ్మ అప్పుడే ఇంటి దగ్గర్నుంచి గంజి తెచ్చింది. నడుం లోతు నీళ్ళలోకి దిగి, ఓడకి చీర చెంగు కూడా తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, ముగ్గురికీ తలో ముంతా అందించింది. ముగ్గురూ ఒక చేత్తో ఓడ పట్టుకుని, ఇంకో చేత్తో గంజి తాగారు.