కోడిపిల్లకు చెప్పులు

అనగనగా, బుజ్జీ, కృష్ణమ్మ వెళ్ళి సముద్రంలో కలిసే వైపున ఒక చిన్న ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకో నల్ల కోడిపెట్ట. అది తొమ్మిది గుడ్లు పెట్టి పొదుగుతూ కూర్చుంది. అప్పుడే తుఫాను వచ్చింది. గంపలోకి జల్లు కొట్టి గుడ్లు చల్లబడిపోయాయి. పాపం, ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చుంటే ఒక్కటంటే ఒక్కటే పిల్లయ్యింది.

ఆ పిల్లకేమో కాలివేళ్ళు పిడికిలి బిగించినట్టు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. లేవబోతుంది, పక్కకి పడిపోతుంది. పెట్ట "కొక్ కొక్" అని పిలుస్తుంది, రెండడుగులు వేస్తుంది, పిల్ల రాలేదని వెనక్కొస్తుంది. మేతకి కూడా పోలేదు.

"ఇది నడవదు నాంచారీ. నడవనిది ఏం తింటుంది, ఎట్లా బతుకుతుంది? వదిలెయ్" అన్నారు పక్కింటివాళ్ళు.

అప్పుడు నాంచారమ్మ ఏం చేసిందో తెలుసా? పిల్లని కొంగులో పెట్టుకుని, తిన్నగా చెప్పులు కుట్టే ఏసోబు దగ్గరికి వెళ్ళింది.

"ఏసోబన్నా, దీనికి చెప్పులు చేసిపెట్టవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఏసోబు నవ్వలేదు. పిల్లని అరచేతిలో పెట్టుకుని, ఆ వేళ్ళని ఒక్కొక్కటే మెల్లగా తెరిచి చూశాడు.

"లేత ఎముకలు చెల్లెమ్మా. ఇవ్వాళే సాగదియ్యాలి. నాలుగు రోజులు పోతే ఇట్లాగే గట్టిపడిపోతాయి" అని, చేతిలో పని పక్కన పడేశాడు.

మొదట పల్చటి తోలు కత్తిరించి కట్టాడు. ఆ బరువుకి పిల్ల కాలే ఎత్తలేకపోయింది. ఆ తర్వాత అరటి దొప్ప కట్టాడు. అది తడికి మెత్తబడి వేళ్ళతోపాటే ముడుచుకుపోయింది. చాలాసేపు తల గోక్కున్నాడు. అప్పుడు అగ్గిపెట్టె చింపి, ఆ అట్టని అచ్చం కోడిపాదంలా కత్తిరించాడు. దానిమీద మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పెట్టాడు. సూది గుచ్చుకున్నప్పుడు తన వేలికి చుట్టుకునే ప్లాస్టరుని సన్నగా చీల్చి అంటించాడు. మోటు చేతులు బుజ్జీ అవి, తోలు కోసీ కోసీ కాయలు కాసిన చేతులు. అయినా పిల్ల కిక్కురుమనలేదు.

మొదటి రోజు పిల్ల నిలబడింది. నిలబడి, బోర్లా పడింది. రెండో రోజు టపాటపామంటూ పెట్ట దాకా నడిచింది. ఏసోబు పిలవకుండానే రోజూ వచ్చి, కట్టు బిగుసుకుందేమో చూసి వెళ్ళేవాడు. మూడో రోజు వచ్చి, ప్లాస్టరుని నీళ్ళతో తడిపి, చెప్పులు విప్పాడు. నాంచారమ్మ దగ్గరికి వంగి చూసింది.

వేళ్ళు చక్కగా విచ్చుకున్నాయి. ఒక్కటి మాత్రం కాస్త వంకరగానే ఉంది, ఉంటే ఉండనీ. పిల్ల కిందకి చూసుకుంది. తుర్రుమని పరిగెత్తింది! పెట్ట దాన్ని వెంటేసుకుని దొడ్డంతా గీకుతూ మేతకి పోయింది.

"నీ చేతులు చల్లగుండ, అన్నా!" అంది నాంచారమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఏసోబు ఆ చిట్టి చెప్పుల్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "నలభై ఏళ్ళ నించి కుడుతున్నా చెల్లెమ్మా. నా చెప్పులు వేసుకుని నడిచినవాళ్ళే అందరూ. విప్పేసి పరిగెత్తింది ఇదొక్కటే!"

కథ వెళ్ళింది కంచికి,
కళ్ళు వెళ్ళాలి నిద్దరింటికి.
పడుకో నా తల్లీ.