జడ విప్పిన నూకరాజు

నూకరాజుకు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఊళ్లో మిగతా అందరికీ బాగానే సహిస్తోంది, మాట్లాడుకోవడానికి నూకరాజు దొరికాడు కాబట్టి.

షావుకారు గున్నేశ్వరరావు గారి బియ్యం మిల్లులో అతను మౌలాలి మేస్త్రి దగ్గర కరెంటు పని నేర్చుకుంటున్నాడు. మిల్లులో పీఎల్‌సీ అనే పెట్టె ఒకటి ఉంది. ఏ మోటారు ఎంత జోరుగా తిరగాలో అది చెబుతుంది. డ్రైవులనే నాలుగు పెట్టెలు ఆ మాట విని మోటార్లను తిప్పుతాయి. మాట వెళ్లేది ఊదారంగు సన్న తీగలో.

దసరా మర్నాటి నుంచి ఆ మాట మధ్యమధ్య తెగిపోతోంది. డ్రైవు మీద ‘కమ్యూనికేషన్ ఫాల్ట్’ అని ఎర్రగా వెలుగుతుంది, మిల్లు ఆగిపోతుంది. బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్లీ తిరుగుతుంది. గంట తిరగొచ్చు, పూట తిరగొచ్చు, నూకరాజు ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తిరగొచ్చు.

కారణాలకు కొదవ లేదు. పూజారి గుమ్మడికాయ సరిగా పగలలేదన్నాడు. గుమాస్తా వడ్లలో తేమ అన్నాడు; పోయినేడు తన స్కూటరు ఆగినప్పుడు కూడా ఆయన తేమే అన్నాడు. షావుకారు బావమరిది లోపలికి తొంగిచూసి, "ఏదో ఉంది" అని తేల్చి భోజనానికి వెళ్లిపోయాడు.

షావుకారు ఒక్కటే చెప్పాడు. "శనివారం లోపల కుదరకపోతే సిటీ నుంచి ఇంజనీరును పిలుస్తాను. నువ్వు మళ్లీ బస్తాలు కుట్టుకో."

నూకరాజు తీగ కొసలు మార్చాడు. కనెక్టర్లు మార్చాడు. ఒక డ్రైవునైతే మొత్తంగా మార్చాడు. చివరికి గుమ్మానికి కట్టిన నిమ్మకాయ కూడా మార్చాడు.

గురువారం మేస్త్రి తన మనవరాలి పెళ్లి చేసి తిరిగొచ్చాడు.

"అన్నీ చూశాను మేస్త్రీ. ఎక్కడా లోపం లేదు."

"మరి ఆగుతోంది కదా."

"ఎప్పుడూ ఆగితే పట్టుకుందును. నేను చూస్తున్నంతసేపూ బుద్ధిగా తిరుగుతుంది."

మేస్త్రి గోడ వెంట చూస్తూ నడిచాడు. నూకరాజు మొహం కాస్త వెలిగింది. ఆయుధపూజకు అతను చేసిన అలంకారం అక్కడే ఉంది. మేస్త్రి ఎప్పుడో ఎదురు గోడకు మేకులు కొట్టి వంకరటింకరగా లాగిన ఊదారంగు తీగను నూకరాజు ఊడదీశాడు. దాన్ని పాలిషరు మోటారుకు కరెంటు మోసే లావుపాటి నల్ల కేబుళ్లతో కలిపి, నలభై అడుగుల పొడవునా జడ అల్లాడు. మూరకో ప్లాస్టిక్ టై, టైకో బంతిపువ్వు. ఆడవాళ్లు పని ఆపి మరీ వచ్చి చూశారు. ఇద్దరు ఫోటో తీసుకున్నారు.

"మా మనవరాలికి కూడా ఇంత బాగా వెయ్యలేదు," అన్నాడు మేస్త్రి. "రా, బయట కూర్చుందాం."

బయట బల్ల మీద పైడమ్మ తవుడు జల్లిస్తోంది. పైడమ్మ గొంతు గురించి ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆమె కోడలి గురించి కూడా చెప్పక్కర్లేదు, పైడమ్మే చెబుతుంది.

మేస్త్రి నూకరాజును పైడమ్మ భుజానికి భుజం ఆనేలా కూర్చోబెట్టి, తాను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎండగా ఉంది," అన్నాడు చాలా చిన్నగా.

"అవును మేస్త్రీ."

"అన్నం తిన్నావా?"

"లేదు మేస్త్రీ."

అప్పుడు పైడమ్మకు కోడలు గుర్తొచ్చింది. "పులుసులో ఉప్పెయ్యడం రాదు గానీ, ఆ పులుసుని ఫోటో తీసి ఊరంతటికీ పంపడం వచ్చు. చూసినోళ్లు బాగుందనేవోళ్లే. తిన్నదాన్ని నన్నొక్కరూ అడగరు..."

మేస్త్రి పెదవులు కదిలాయి.

"ఏంటి మేస్త్రీ?"

మళ్లీ కదిలాయి. పైడమ్మ పులుసు దాటి కోడలి పుట్టింటికి చేరింది. అక్కడ చాలాసేపు ఉండి, ఊపిరి కోసం ఆగింది.

"ఏం చెప్పాను?" అన్నాడు మేస్త్రి.

"వినపడలేదు."

"ముందు రెండూ వినపడ్డాయిగా. నీ చెవిలో లోపం ఉందేమో. మార్చేద్దామా?"

"చెవి బాగానే ఉంది మేస్త్రీ. పైడమ్మత్త పక్కనే..."

బియ్యం ఎక్కువ పడి, పాలిషరు మోటారు కరెంటు గట్టిగా లాగినప్పుడల్లా ఆ ఎర్ర అక్షరాలు రావడం నూకరాజుకు గుర్తొచ్చింది. లేచి లోపలికి వెళ్లాడు.

మిల్లు ఆపించి, కత్తెరతో టైలన్నీ ఒక్కొక్కటే తెంపాడు. బంతిపువ్వులు టపటపా రాలాయి. ఊదారంగు తీగను మళ్లీ ఎదురు గోడ మేకులకే ఎక్కించాడు. నల్ల కేబుళ్లను దాటక తప్పని ఒక్క చోట, వాటి వెంట నడవనీయకుండా అడ్డంగా దాటించాడు. చూడ్డానికి అసహ్యంగా ఉంది.

శనివారం సాయంత్రం దాకా మిల్లు ఒక్కసారి కూడా ఆగలేదు. నూకరాజు మూడు పూటలూ తిన్నాడు.

"ఏం మార్చావు?" అని అడిగాడు షావుకారు.

"ఏమీ మార్చలేదండి. నేను కట్టిందే విప్పానండి."

"తేమ తగ్గింది," అన్నాడు గుమాస్తా.

బయట అదే బల్ల, పక్కన అదే పైడమ్మ. మేస్త్రి మొలతాడుకున్న, పీఎల్‌సీ పెట్టె ఉండే ప్యానెల్ తాళంచెవి విప్పి, నూకరాజు చేతిలో పెట్టి, చాలా చిన్నగా ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే పైడమ్మ కోడలు కొత్త చీర కట్టుకుని రోడ్డు మీద వెళ్లింది.

నూకరాజు ఏంటని అడగలేదు. బల్ల మీంచి లేచి, ఖాళీ బస్తా ఒకటి తెచ్చి, పైడమ్మకు దూరంగా మేస్త్రి అవతలి పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి మేస్త్రీ."

"ఏం లేదు. టీ చెప్పమన్నాను. మొన్నటి నుంచీ."