దిబ్బ ఎవరిది?

మణిగిరి రాజధానిలో పోసేవాళ్లే గానీ తీసేవాళ్లు లేక, చెత్తదిబ్బ కోట బురుజుని మించి పెరిగింది. పోలమ్మ ఒక్కతే దాన్ని తవ్వి, ఇనప ముక్కలు కమ్మరికీ, గాజు పెంకులు గాజులు చేసేవాళ్లకీ అమ్ముకుని బతికేది. అది చూసి కొత్వాలు నరసరాయుడికి కన్ను కుట్టింది. ఆమెను పట్టుకొచ్చి రాజుగారి ముందు నిలబెట్టాడు.

"ఇది దొంగ, ప్రభూ! ఆ దిబ్బలో గడ్డిపోచ కూడా దివాణం సొత్తే!"

పోలమ్మ దండం పెట్టింది. "చిత్తం బాబూ. మొన్న వానలకి ఆ దిబ్బ విరిగి మా గుడిసె మీద పడింది. నా పెనిమిటి దానికిందే ఉండిపోయాడు. దివాణం సొత్తు ప్రాణం తీస్తే, దివాణమే జవాబు చెప్పాలి కదా?"

కొత్వాలు గతుక్కుమన్నాడు. "దివాణానికేం సంబంధం? అది ఊరు పారేసిన చెత్త. దానికి యజమాని ఎవడూ లేడు!"

"మరి ఎవరిదీ కానిదాన్ని నేనెలా దొంగిలించాను బాబూ?"

నవ్వబోయిన సభ, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. రాజు తలదించుకున్నాడు. "వెళ్లు తల్లీ. నీక్కావలసింది ఏరుకో."

పోలమ్మ గంప ఎత్తుకుంది.

"ఏరుతూనే ఉన్నాను మారాజా. ఇనుము దొరుకుతోంది, గాజు దొరుకుతోంది. ఆయనే ఇంకా దొరకలేదు."