వెనక నడిచే మనిషి

దారి తెలిశాక కూడా శిష్యుడికి గురువు ఎందుకని విరూపాక్షి ఒకనాడు తన గురువు నిరంజనయ్యను అడిగాడు. ఊరికే అడగలేదు. వచ్చే కార్తీకంలో మఠం యాత్రికులను గద్దల కొండల మీదికి తానే నడిపించాలని అతని ఆశ. తెల్లవారాక చెప్పులు తొడుక్కుని రమ్మన్నాడు గురువు.

ఆ కొండల్లో శిఖరానికొకటిగా పాత ఊళ్లున్నాయి. ఏ రాజు పరిపించాడో ఎవరికీ తెలియని రాళ్ల బాట వాటిని కలుపుతుంది. అక్కడ దారి చూపేవాళ్లు ముందు నడవరు. కొత్తవాళ్లను ముందుకు పంపి తాము వెనక వస్తారు. దారి తప్పితే దగ్గుతారు, తప్పకపోతే ఏమీ అనరు. ఆ రోజు వీళ్ల వెనక నడిచింది కింది ఊరి ఓబులమ్మ.

మొదటి చీలిక దగ్గరే విరూపాక్షి ఎడమకు తిరిగాడు. వెనక నుంచి దగ్గు. ఇంకాస్త పైన మళ్లీ దగ్గు. "అది మేకల దొడ్డికి పోతాది నాయనా, నీకు ఆడ పనేముంది?" అంది ఓబులమ్మ. నిరంజనయ్య నవ్వు ఆపుకోలేదు.

ఆ తర్వాత బాట అతనికి పట్టుబడింది. బండలు అరిగేలా పడిన పాత బండి జాడలు, ఒక ఊరు, దాని పైన ఇంకో ఊరు, కూలిన కోట గుమ్మం. గుమ్మం దాటగానే కాళ్ల కిందికి మబ్బు వచ్చింది. ఎదురుగా, ఎండలో, వాళ్లు చేరాల్సిన చివరి ఊరి మిద్దెలు. విరూపాక్షికి ఒళ్లు గాల్లో తేలినట్టయింది. నడక పరుగైంది. చీలిక వచ్చింది, తిరిగాడు, దగ్గు లేదు. ఇంకొకటి వచ్చింది, అప్పుడూ లేదు. దారంతా తనకు వచ్చేసిందని మనసు గంతులు వేసింది.

బాట లోయ అంచున తెగిపోయింది. చివరి ఊరు పక్క కొండ మీద, చెయ్యి చాస్తే అందేటట్టు ఉంది.

వచ్చిన దారినే ఎక్కుతూ దిగుతూ అతను గుమ్మం దాకా వచ్చేసరికి గురువు ఓబులమ్మ పక్కన బండ మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. తప్పుతుంటే దగ్గలేదేమని విరూపాక్షి ఓబులమ్మను నిలదీశాడు.

"దగ్గి దగ్గి గొంతు పాయె. నువ్వుంటే గదా నాయనా ఇనపడేది" అని ఆమె నీళ్లు తాగింది.

అతను ఇక కార్తీకం మాట ఎత్తలేదు. గురువే ఎత్తాడు. సగం రొట్టె తుంచి అతని చేతిలో పెట్టి అన్నాడు:

"యాత్రికులను నువ్వే తీసుకెళ్లు. వెనక నడువు. వాళ్లు పరుగెత్తితే, కూర్చుని రొట్టె తిను."