ఒకవైపే నడిచే తీగ

మస్తాన్ మాస్టారి రేడియో రిపేరు దుకాణంలో వీరవేణి పనికి చేరిన నాటి నుంచి పాత శిష్యుడు నూకరాజుకి తిన్నది ఒంటబట్టడం లేదు. మాస్టారు టంకం పెట్టే తన సొంత సోల్డరింగ్ ఐరన్ తీసి ఆ పిల్ల చేతికిచ్చారు. ఐరన్ వేడెక్కక ముందే నూకరాజు కడుపు మండింది.

మాస్టారంటే మామూలు మనిషి కాదు. ఆయన దగ్గితే చాలు, చచ్చిన రేడియోలు వీధి వీధంతా పాటందుకునేవి. సముద్రంలో మునిగిన వైర్‌లెస్ సెట్టును ఆయన విదిలిస్తే, లోపల ఇరుక్కున్న చేప కూడా వాతావరణ వార్తలు చదివి మరీ బయటపడింది.

కాకినాడ రేవులో పడవలవాళ్లు గాలివానను ముందే పసిగట్టే పెట్టె కావాలన్నారు. ఇద్దరినీ చెరొకటి చెయ్యమన్నారు మాస్టారు. బాగా పనిచేసిందే రేవుకెక్కుతుంది.

పెట్టెను నడిపే బోర్డు అయిదు వోల్టులది. గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు మూడు పైచిలుకు వోల్టులది. నేరుగా కలిపితే సెన్సరు మాడిపోతుంది, కాబట్టి నడుమ వోల్టులను సరిపెట్టే లెవెల్ షిఫ్టర్ ఉండాలి. వీరవేణి బుల్లి ట్రాన్సిస్టర్లున్న చవక ముక్క పెట్టింది.

"తిరనాళ్లలో కొన్నావా?" అన్నాడు నూకరాజు. తను మాత్రం అదే పనికి పిడుగుతో పందెం కాసి గెలిచేంత వేగమైన చిప్పు తెప్పించాడు.

"అన్నా, అది అటు నుంచి ఇటు..." అనబోయింది వీరవేణి.

"నువ్వు పలక పట్టకముందే నేను టంకం పెట్టాను. నీ పని చూసుకో."

పరీక్షనాడు ఆమె తెర మీద అంకెలు మెరిశాయి. అతని తెర మీద ఏమీ లేదు.

"మాస్టారూ, మంచి సెన్సరు తను ఉంచుకుని పాడైంది నాకు అంటగట్టింది."

"ఏం పాడైందో ఆమెనే అడుగు," అంటూ మాస్టారు అతని వెనక్కి వెళ్లి, రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూశారు.

నూకరాజు గొంతు చించుకుని అడిగాడు. వీరవేణి పెదవులు చాలాసేపు కదిలాయి.

మాస్టారు చేతులు తీశారు. "ఏమంది?"

"వినబడలేదు."

"నీ ప్రశ్న మాత్రం రేవు దాకా వినబడింది," అన్నారు మాస్టారు. వేలితో ఆ చిప్పును తాకి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

బోర్డు అడుగుతుంది. సెన్సరు అదే తీగ మీద జవాబు చెప్పాలి. నూకరాజు చిప్పు వంక చూశాడు. అది అటు పోయే మాటనే వదులుతుంది, ఇటు వచ్చేదాన్ని రానివ్వదు. తర్వాత, స్టూలు జరుపుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇందాక ఏమన్నావో మళ్లీ చెప్పు, వేణీ."