కళ్లంలో పనస కొమ్మ

సుభద్రకి ఒకటే బాధ. కాఫీ కళ్లం మొత్తాన్ని ఫోన్‌లోకి ఎక్కించింది. అయినా మాస్టారు గోదాం తాళాలు తన చేతికి ఇవ్వడం లేదు.

మాస్టారంటే కిల్లో సోమలింగం. బడి నుంచి రిటైరయ్యాక, కొండమీది రైతుల కాఫీ సంఘానికి కళ్లం చూసిపెట్టేవారు. సుభద్ర ఆయన దగ్గరే అక్షరాలు దిద్దింది. పాడేరులో డిగ్రీ చదివొచ్చి, మళ్లీ ఆయన దగ్గరే గింజ ఆరబెట్టడం నేర్చుకుంది. గింజ ఎండిందో లేదో పంటితో కొరికి చెప్పడానికే ఒక శీతాకాలమంతా పట్టింది.

అది సంఘాలకి ఫోన్లు కొత్తగా వచ్చిన కాలం. ఏ ఊరి పండ్ల సంచికి ఆ ఊరి ట్యాగ్ కట్టేవారు. దానికి ఫోన్ చూపిస్తే చాలు, ఊరి పేరు, కోసిన రోజు, రైతుల పేర్లు తెర మీదికొచ్చేవి. సుభద్రకి అది నచ్చింది. నచ్చాల్సిందే, మంచి పనిముట్టు.

అంతకుముందు గుర్తులంటే కొమ్మలే. పండ్లతోపాటు ఏ ఊరివాళ్లు ఆ ఊరి కొమ్మ తెచ్చేవారు. జిల్లేడుపుట్టు ఊరివాళ్లది పనస, ఒకరిది సిల్వర్ ఓక్, ఒకరిది నారింజ. తొక్క తీసి కడిగిన గింజల్ని వల బిగించిన ఎత్తు బల్లల మీద ఆరబోసి, మధ్యలో కొమ్మ గుచ్చేవారు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే తడి కాఫీ పులిసిన వాసన, ఆ వాసన మధ్య చిన్న తోటలా కళ్లం. ఇప్పుడక్కడ కొత్త సిమెంటు గోదాం లేచింది. ఆనాడు చూసినవాళ్లకి మాత్రం ఆ తోటే గుర్తుంటుంది.

సుభద్ర ఆ కొమ్మలన్నీ పీకి గోడ పక్కన పడేసింది.

"ఆకులు రాలి గింజల్లో పడుతున్నాయి మాస్టారూ. ఎవరు ఏరతారు?"

మాస్టారు ఏ బల్ల మీద ఏ ఊరి గింజ ఉందో చూసుకుంటూ, బల్లల మధ్య తన తిరుగుడు తను తిరిగారు.

ఆ ఏడు జిల్లేడుపుట్టు ఆడవాళ్లు మొదటిసారి పచ్చికాయ ముట్టకుండా ఎర్రపండు మాత్రమే కోశారు. అలా కోయాలంటే ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. వాళ్ల గింజను విడిగా రుచి చూడటానికి పట్నం నుంచి కొనేవాళ్లు వస్తామన్నారు.

"మాది ఇంకోరిదాంతో కలిసిపోయిందనుకో, వచ్చే ఏడు ఎర్రా పచ్చా ఒక్కసారే దూసేసి సంతలో పోసేత్తాం," అని వాళ్ల పెద్ద పాంగి బంగారమ్మ ముందే చెప్పింది.

"కలవదు పిన్నీ. ఫోన్‌లో ఉంది," అంది సుభద్ర.

పుష్యమాసంలో వాన పడుతుందని ఎవరనుకుంటారు? ఆ మధ్యాహ్నం పడింది. కళ్లంలో ఉన్నవాళ్లంతా పరుగెత్తారు. బల్లల మీది గింజల్ని గంపల్లోకి లాగి షెడ్డులోకి మోయడం మొదలుపెట్టారు.

"మాస్టారూ, టార్పాలిన్ ఓ చివర పట్టుకోండి."

"పట్టేవాళ్లున్నారు కదమ్మా."

ఆయన గోడ పక్కకి వెళ్లి, వాడిపోయిన కొమ్మల మోపు ఎత్తుకొచ్చారు. తడుస్తూనే బల్లబల్లకీ వెళ్లి, గంప లేవకముందే అందులో ఆ ఊరి రెమ్మ ఒకటి విరిచి గుచ్చారు. సుభద్రకి ఒళ్లు మండింది. పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకుంది.

వాన వెలిసేసరికి షెడ్డు నిండా గంపలు. అన్నిట్లోనూ ఒకే రంగు గింజలు. వాన చూసి కంగారుపడి, బంగారమ్మ గొడుగైనా లేకుండా కొండ దిగి వచ్చింది.

"ఇందులో మాదేది పిల్లా?"

సుభద్ర గంపల వైపు చూడలేదు. పండ్లు దించాక తీగ మీద ఆరేసిన సంచుల దగ్గరికెళ్లి, ఒక ట్యాగ్‌కి ఫోన్ చూపించింది. ఫోన్ కుయ్‌మంది.

"జిల్లేడుపుట్టు. మంగళవారం కోత. ఇదిగో, నీ పేరు కూడా ఉంది పిన్నీ."

మాస్టారు ఆ సంచిని తీగ మీంచి తీశారు. సుభద్ర అరచేయి పట్టుకుని, దాని మీద సంచిని బోర్లించి దులిపారు.

ఏమీ రాలలేదు.

బంగారమ్మ నవ్వింది. "కాళీ సంచికి మా ఊరి పేరు బాగానే ఎట్టినావు. మరి గింజలకి ఏ పేరెడతావు?"

పనస రెమ్మలున్న గంపలు వెతుక్కుని, వాటి పక్కన చతికిలబడి, చీరకొంగుతో తల తుడుచుకుంది.

సుభద్ర ఆ సంచికున్న ట్యాగ్ విప్పింది. పనస రెమ్మ కాడకి, జారకుండా, రెండు ముళ్లు వేసి కట్టింది.

మాస్టారు దగ్గరికొచ్చి వంగారు. ఆయన ఆ ఫోన్ వంక చూడటం అదే మొదటిసారి.

"ఇప్పుడు చూపించు. ఏమంటోంది?"

"జిల్లేడుపుట్టు అంటోంది మాస్టారూ."

"సరిగ్గానే అంటోందే."

మొలలోంచి తాళాల గుత్తి తీసి, గంప అంచున పెట్టారు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఆకులు రాలతాయమ్మా. ఏరుకోవాలి."